గాజుల లక్ష్మీనరసు శెట్టికి దక్కిన బహుమానం

మా పొన్నేరి వైపు నా ఈడువాళ్ళకు 'అవార్డు' అన్న మాట మొదట సరిహద్దు రాళ్ళతోబాటు వచ్చింది. పటాస్కర్ అవార్డు అనేవాళ్ళు పెద్దలు. 1960 ఏప్రిల్ 1 నుంచి అది అమలయింది. చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. చెంగల్పట్టు జిల్లాలో భాగమైన మా పొన్నేరి తాలూకా నుంచీ, తిరువళ్ళూరు తాలూకా నుంచీ కొన్ని గ్రామాలు తెగి సత్యవేడు వైపు ఆంధ్రలోకి పోయాయి. ఒకే ఇంటి అన్నదమ్ముల పొలాలు రెండు రాష్ట్రాల్లో పడ్డాయి. అవార్డు వచ్చిందంటే ఎవరికో ఏదో పోయిందనే అర్థం చాలా కాలం నా మనసులో ఉండిపోయింది.

మొన్నామధ్య ఒక కుర్రవాడు అవార్డు సంగతి మాట్లాడాలని మా ఇంటికి వచ్చినప్పుడు ఆ పాత అర్థమే మళ్ళీ గుర్తుకు వచ్చింది.

అతను నా దగ్గర చదువుకున్నవాడే. ఇంట్లో మాట్లాడేది తెలుగు. చదవడం, రాయడం రాదు. ఒక తమిళ దినపత్రికకు మా వైపు వార్తలు పంపుతుంటాడు. పులికాటు దారిలో ఒక ఊళ్ళో మంచినీళ్ళ బావులు ఉప్పెక్కిపోయాయనీ, పక్కనున్న రొయ్యల చెరువుల వల్లనే ఇలా జరిగిందనీ వరసగా నాలుగు రోజులు రాశాడు. ఆ తర్వాత ఊరికి నీళ్ళ లారీ రావడం మొదలయింది. మా ఊరి యువజనులు కొందరు సంతోషించి 'ఉత్తమ విలేఖరి' అని షీల్డు ఇవ్వదలిచారు. షీల్డు అందించడానికి ఒక అధికారిని పిలిచారు. ఆ ఊరివాళ్ళ అర్జీలు రెండేళ్ళు బల్ల సొరుగులో పడి ఉన్నది ఆయన కచ్చేరీలోనే.

"అది కూడా పోనీ సార్" అన్నాడు వాడు. "బిందెలో నీళ్ళు పట్టి చూపించి, ఫోటోకి నిలబడిన అమ్మ ఒకామె ఉంది. ఆమె కూలికి పోయేది ఆ రొయ్యల చెరువులకే. పేపర్లో బొమ్మ పడిన మర్నాడే పనికి రావద్దన్నారు. నాకు షీల్డు, ఆమెకు పస్తు. పోవాలా, వద్దా?"

ముప్ఫయ్యేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి నేను. నన్ను ఏది అడిగినా నూరేళ్ళు వెనక్కి వెళ్ళి జవాబు మొదలుపెడతానని మా ఇంట్లో ఎప్పుడూ ఎగతాళి. ఈసారి నూటయాభై ఏళ్ళకు పైనే వెళ్ళవలసి వచ్చింది. వాడికి చెప్పినదీ, చెబుతూ మరిచిపోయినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ప్రజల బాధను పత్రికకెక్కించి, దానితో ప్రభుత్వాన్ని కదిలించిన మొదటివాళ్ళను లెక్కపెడితే దక్షిణదేశంలో మనం ఎంచవలసిన పేరు ఒక తెలుగువాడిదే. గాజుల లక్ష్మీనరసు శెట్టి. చెన్నపట్నంలో 1806లో పుట్టారు. తండ్రి సిద్ధులు శెట్టి వర్తకుడు. బట్టలు, నీలిమందు వ్యాపారంలో తండ్రీకొడుకులు బాగా గడించారు. అలా గడించిన డబ్బుతో ఇళ్ళూ తోటలూ కొనుక్కున్నవాళ్ళు చెన్నపట్నంలో చాలామంది ఉన్నారు. ఈయన పత్రిక పెట్టారు.

1844 అక్టోబరులో వెలువడిన ఆ పత్రిక పేరు 'క్రెసెంట్', అంటే నెలవంక. ఇంగ్లీషు పత్రిక. సంపాదకుడు హార్లీ అనే ఇంగ్లీషువాడు. అప్పటికి చెన్నపట్నంలో తెలుగు పత్రికలు లేకపోలేదు. మండిగల వెంకటరామశాస్త్రి 'వృత్తాంతి', సయ్యద్ రహమతుల్లా 'వర్తమాన తరంగిణి' వచ్చి ఉన్నాయి. తెలుగు వర్తకుడు సొంత డబ్బు పోసి ఇంగ్లీషు పత్రిక ఎందుకు పెట్టాడని మనవాళ్ళు అడగవచ్చు. రైతు తన బాధ రైతుకు చెప్పుకోనక్కరలేదు. వినవలసినవాడు కోటలో ఉన్నాడు, ఆ పైవాడు లండనులో ఉన్నాడు. వాళ్ళకు తెలిసిన భాష అదొక్కటే. మా కుర్రవాడు తెలుగు ఊరి ఉప్పునీళ్ళ గురించి తమిళంలో రాయడం కూడా ఇలాంటిదే కదా!

కోటలోవాళ్ళకు పత్రిక మొదటినుంచీ నచ్చలేదు. ఫలానా పత్రిక రాబోతున్నదని ఫోర్ట్ సెయింట్ జార్జి గెజెట్‌లో వేయమని పంపిన ప్రకటననే వేయలేదు. క్రెసెంట్ తొలి ఏళ్ళ పోరాటం ఎక్కువగా మిషనరీల మీద. సర్కారు చదువుల్లో బైబిలు చేర్చాలన్న ప్రయత్నాన్ని లక్ష్మీనరసు శెట్టి ఎదిరించారు. 1846లో సభలు పెట్టి, సంతకాలు చేయించి, అర్జీలు లండనుకు పంపించారు. ఆ సంగతి ఇప్పుడు మనకు అంత ముఖ్యం కాదు. ఆ గొడవలో ఆయన ఒక పని నేర్చుకున్నారు. పత్రికలో రాసి ఊరుకుంటే చాలదు. అదే విషయం మీద జనాన్ని కూర్చాలి, అర్జీ రాయాలి, దాన్ని పైవాడి చేతిలో పడేదాకా వెంబడించాలి.

1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ ఏర్పడింది. దానికి ఊపిరి ఈయనే. కుంఫిణీ పట్టా గడువు మరుసటేడు ముగియబోతున్నది. దాన్ని పొడిగించేముందు మా మాట వినండని అసోసియేషన్ పార్లమెంటుకు పెద్ద అర్జీ పంపింది. భూమి శిస్తు భారం, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, మగ్గం మీదా గానుగ మీదా కూడా పడే మొతర్ఫా పన్ను, కోర్టుల్లో ఏళ్ళకేళ్ళు నానే దావాలు అన్నీ అందులో ఉన్నాయి. మనవాళ్ళలోనూ కొందరికి ఈ దూకుడు నచ్చలేదు. శ్రీనివాస పిళ్ళై వంటివాళ్ళు వేరుపడి వేరే సంఘం పెట్టుకున్నారు.

1853లో హెన్రీ డాన్బీ సీమూర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసుకు వచ్చాడు. లక్ష్మీనరసు శెట్టి ఆయన్ను పట్నంలోనే తిప్పి పంపివేయలేదు. జిల్లాలకు తీసుకుపోయారు. శిస్తు కట్టలేని రైతులను ఏం చేస్తున్నారో రైతుల నోటనే చెప్పించారు, వాళ్ళ ఒంటి మీద గుర్తులు చూపించారు. మంచి విలేఖరి చేసే పని ఇదే. తాను చెప్పి నమ్మించడం కన్నా వినవలసినవాణ్ణి బావి గట్టుకు తీసుకుపోయి నీళ్ళు నోట్లో పోసుకోమనడం మేలు.

అప్పటి ఏర్పాటు సంగతి కొంచెం చెప్పాలి. 1816 నుంచి మద్రాసు ఆధిపత్యంలో శిస్తు వసూలుచేసే తహసీల్దారే పోలీసు అధికారి కూడా. కొట్టినవాడి మీద ఫిర్యాదు ఇవ్వాలంటే కొట్టినవాడి దగ్గరికే పోవాలి. తలారి, బంట్రోతు, తహసీల్దారు, ఆ పైన కలెక్టరు ఒకే నిచ్చెన మెట్లు. కిస్తుకు డబ్బు రాలేదంటే నిచ్చెన పైనుంచి కిందికి ఒత్తిడి దిగేది. అట్టడుగున రైతు వేళ్ళు నలిగేవి.

ఇక్కడ వేళ్ళు నలగడం మాటవరసకు అన్నది కాదు. 1854 జులైలో సీమూర్ తదితరులు కామన్సు సభలో ఈ సంగతి ఎత్తారు. గొడవ రేగింది. విచారించమని ఉత్తరువు వచ్చింది. గవర్నరు లార్డ్ హారిస్ ఆ సెప్టెంబరులో ముగ్గురితో ఒక సంఘాన్ని వేశాడు. ఎలియట్, స్టోక్స్, నార్టన్ సభ్యులు. వీరిలో జాన్ బ్రూస్ నార్టన్ బారిష్టరు, ఇక్కడి న్యాయపాలన మీద అంతకుముందే ఘాటుగా రాసినవాడు. మూడు నెలల్లో 1,959 ఫిర్యాదులు వచ్చాయి. 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకున్నారు, మిగతావి ఉత్తరాలు. 1855 ఏప్రిల్‌లో నివేదిక పూర్తయింది.

ఆ నివేదికలో చిత్రహింసల జాబితా ఒకటుంది. మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి బయటికి వచ్చి కూర్చున్నాను. మనిషిని ఎండలో నిలబెట్టడం. అన్నానికీ, కాలకృత్యాలకూ పోనివ్వకపోవడం. గొడ్లను ఇంట్లో పెట్టి మేతకు వదలనివ్వకపోవడం. రైతు ఖర్చుతో అతని ఇంటి మీద బంట్రోతును కూర్చోబెట్టడం. మోకాళ్ళ వెనుక ఇటుక ముక్కలు పెట్టి గొంతుకూర్చోబెట్టడం. ఇద్దరు బాకీదారుల తలలు ఒకదానికొకటి కొట్టడం, వాళ్ళ జుట్లు ముడివేయడం. గాడిద తోకకో దున్నపోతు తోకకో జుట్టు కట్టివేయడం. ఎముకల దండ మెడలో వేయడం. అన్నిటికన్నా ఎక్కువగా వాడినవి రెండు. మొదటిది కిట్టి. రెండు కర్రలను ఒక కొసన కలిపి కట్టి, వాటి మధ్య వేళ్ళు పెట్టి నిమ్మకాయ పిండినట్టు నొక్కడం. రెండోది ఆనందాళ్. మనిషిని వంచి, అతని కట్టుబట్టతోనో కొబ్బరి తాడుతోనో మెడ మీదుగా కాలివేళ్ళ కిందుగా బిగించి, అలాగే వదిలేయడం.

ఆ దొరలు ఈ రెంటికీ తెలుగు పేర్లు కూడా రాసి పెట్టారు. కిట్టిని తెలుగులో 'చీరట' అంటారట, ఆనందాళ్‌ను 'గింజేరి' అంటారట. ఇంగ్లీషు అక్షరాల్లో పడి మన మాటలు కొంచెం వంకరపోయి ఉండవచ్చు. చీరట అన్నది భజనల్లో తాళం వేసే చిరతలేమోనని నా అనుమానం. అవీ రెండు కర్రలే. రామభజనకు వాయించే పనిముట్టు పేరుతో మనిషి వేళ్ళు నలిపారేమో అనుకుంటే మనసు చివుక్కుమంటుంది. మన భాష గొప్పను చెప్పుకోవడానికి పద్యాలూ శాసనాలూ వెతుకుతాం. లండను పార్లమెంటు కాగితాల్లోకి మన భాష నుంచి ఎక్కిన మాటల్లో ఈ రెండూ ఉన్నాయని కూడా మనకు తెలిసి ఉండాలి.

నివేదిక చిత్రహింస ఉన్నదని ఒప్పుకుంది.  ఒప్పుకున్న నోటితోనే ఇంకో మాట అంది. తప్పంతా నల్ల ఉద్యోగులదేననీ, ప్రజలు తెల్లదొరలను తప్పుపట్టడం లేదనీ, తమ సాటివాళ్ళ క్రూరత్వం నుంచి కాపాడమని మాత్రమే మొర పెట్టుకుంటున్నారనీ అంది. ఇక్కడే లక్ష్మీనరసు శెట్టి పట్టుదల కనబడుతుంది. వేరొకడైతే, తాను అన్నది నిజమని సర్కారే ఒప్పుకుంది గదా అని పండుగ చేసుకునేవాడు. అసోసియేషన్ మళ్ళీ పార్లమెంటుకు అర్జీ రాసింది. సంఘం మద్రాసు పట్నం దాటి పోలేదు. కూర్చున్నది మూడు నెలలే. ఊళ్ళు వదిలి రాగలిగినవాళ్ళు ఎందరు? నల్ల ఉద్యోగులను పిలిచి, మీరు చేస్తున్నది మీ పైవాళ్ళకు ఎంతవరకు తెలుసునని ఒక్క ప్రశ్న వేశారా? ఈ పాపం చేతులతో చేసినవాళ్ళ దగ్గర పుట్టలేదు. పైనుంచి దిగింది, దాని వేరు శిస్తు వసూలు పద్ధతిలోనే ఉంది. ఇదీ అర్జీ సారాంశం. 1856లో లార్డు ఆల్బెమార్ల్ ఈ వ్యవహారాన్ని ప్రభువుల సభలో ఎత్తాడు.

ఊళ్ళు వదిలి రాగలిగినవాళ్ళు ఎందరన్న ప్రశ్న దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. రాయపురం నుంచి దక్షిణదేశపు మొదటి రైలు కదిలింది 1856 జులైలో. నివేదిక వచ్చిన తర్వాత ఏడాదికి. ఆ 519 మందిలో పట్నం వెలుపలివాళ్ళు నడిచో బండి కట్టుకునో వచ్చినవాళ్ళే. మా పొన్నేరి నుంచి పట్నానికి ఒక పగటి నడక. గుంటూరు నుంచో కడప నుంచో అయితే ఎన్నాళ్ళు? మూటలో అటుకులు కట్టుకుని, నలిగిన వేళ్ళతో నడిచి వచ్చి, తెల్లవాళ్ళ ముందు వాంగ్మూలం ఇచ్చి, తిరిగి అదే ఊరికి, అదే తహసీల్దారు కిందికే పోవాలి. విచారణ సంఘానికి శిక్షించే అధికారం లేదు, రాసుకోవడమే దాని పని. ఫిర్యాదు ఇచ్చి తిరిగి వెళ్ళినవాడికి ఆ రాత్రి ఎలా గడిచిందో ఏ నివేదికలోనూ లేదు. మా కుర్రవాడు చెప్పిన అమ్మ వాళ్ళలో ఒకతె అనుకుంటే నూటయాభై ఏళ్ళు ఇట్టే దాటిపోతాయి.

మరి ఇంత జరిగాక ఫలితమేమీ లేదా? ఉంది. పోలీసు అధికారాన్ని శిస్తు వసూలు నుంచి విడదీయాలని నివేదిక సూచించింది. రాబిన్సన్ అనే అధికారి కింద కొత్త పోలీసు ఏర్పాటయింది. 1859లో 24వ చట్టం వచ్చింది. తహసీల్దారు చేతిలోంచి లాఠీ జారింది. ఇప్పటి మన ఠాణాలు ఆ చట్టం పిల్లలే. లాకప్పు మరణాల వార్తలు ఈనాటికీ చదువుతున్నాం కాబట్టి కిట్టి పోయిందే తప్ప కిట్టి పట్టిన చెయ్యి పోలేదని ఎవరైనా అంటే నేను వాదించను. అయినా కొట్టేవాడు, ఫిర్యాదు వినేవాడు ఒకడే అన్న ఏర్పాటును విడగొట్టడం చిన్న పని కాదు. ఒక పత్రిక, ఒక సంఘం, 1,959 మంది కలిసి దాన్ని సాధించారు.

ఈ కాగితాలు ఇంకొంత దూరం కూడా ప్రయాణం చేశాయి. 1857 సెప్టెంబరు 17న 'న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్' అనే అమెరికా పత్రికలో భారతదేశపు చిత్రహింసల విచారణ గురించి ఒక వ్యాసం పడింది. సిపాయిల తిరుగుబాటు నడుస్తున్న రోజులవి. సిపాయిల క్రూరత్వం గురించి లండను పత్రికలు గుండెలు బాదుకుంటుంటే, ఈ వ్యాసకర్త మద్రాసు నివేదికలోని వివరాలూ, అసోసియేషన్ అర్జీలోని మాటలూ ఎత్తిచూపి, ఇవన్నీ చేసిన పాలకులు ఆశ్చర్యపోవడమేమిటని అడిగాడు. వ్యాసం కింద పేరు లేదు. రాసినవాడు కార్ల్ మార్క్స్. మనవాళ్ళలో కమ్యూనిస్టులకైనా ఈ సంగతి అంతగా తెలిసినట్టు లేదు.

అదే న్యూయార్కులో పత్రికాధిపతిగా వెలిగిన జోసెఫ్ పులిట్జర్ పేర 1917లో పత్రికల బహుమతులు మొదలయ్యాయి. ప్రపంచమంతా ఇప్పటికీ వాటివైపే చూస్తుంది. వాటిలో ప్రజాసేవకు ఇచ్చేదానికి ఒక ప్రత్యేకత ఉంది. అది విలేఖరికి కాక పత్రికకే వెళుతుంది, డబ్బు ఉండదు, బంగారు పతకం మాత్రమే. మొదటి ఏడు దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. 1918లో 'న్యూయార్క్ టైమ్స్' అందుకుంది, యుద్ధానికి సంబంధించిన అధికార పత్రాలూ ప్రసంగాలూ పూర్తిగా అచ్చువేసినందుకు! పెద్దవాళ్ళు చెప్పినది వేయడం ఒక సేవే అనుకుందాం. వాళ్ళు చెప్పనిది వేయడం సేవ అనుకుంటే అరవై డెబ్బయ్యేళ్ళు ముందే ఆ పతకానికి అర్హమైన పత్రిక చెన్నపట్నంలో ఉండింది.

మరి లక్ష్మీనరసు శెట్టికి ఏం దక్కింది? 'కంపానియన్ ఆఫ్ ది ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఆఫ్ ఇండియా' అనే బిరుదు దక్కింది. ఇచ్చింది ఏ సర్కారు మీద రాశారో ఆ సర్కారే. 1860ల్లో మద్రాసు శాసనమండలిలో సభ్యుడిగా కూడా నియమించారు. ఆయన రెండూ తీసుకున్నారు. అప్పటికి సంపద చాలావరకు కరిగిపోయింది. పత్రికకూ సంఘానికీ అర్జీలకూ పోసిన డబ్బు తిరిగి రాలేదు. 1868లో పేదరికంలోనే కన్నుమూశారు.

ఆ బిరుదు తీసుకోవడం తప్పా? నా యవ్వనంలో తప్పేననేవాణ్ణి. మా తరంవాళ్ళకు రావుబహదూర్లన్నా, దివాన్ బహదూర్లన్నా వెక్కిరింత. ఇప్పుడు అంత తొందరపడను. ఆనాడు పత్రికారచయితను గౌరవించడానికి సర్కారు తప్ప ఇంకెవరున్నారు? విలేఖరుల సంఘం లేదు, విశ్వవిద్యాలయం అప్పుడే పుట్టిన బిడ్డ. ఆయన ఎవరికోసం పాటుపడ్డారో ఆ రైతుకు క్రెసెంట్ చదవడమే రాదు. పైగా, ఫిర్యాదు చేసినవాణ్ణి రాజద్రోహిగా చూసే రోజుల్లో, ఫిర్యాదు నిజమేనని రాజే పతకం మీద ముద్రవేసి ఒప్పుకున్నట్టయింది. అయితే ఆ ముద్ర వేసిన చెయ్యి ఏదో ఆయనకు తెలియదనుకోను. చిత్రహింస పైనుంచి దిగిందని అర్జీలో రాసిన సంఘానికి పెద్ద ఆయనే గదా.

మధ్యలో ఒక్క మాట. మాకు పొరుగున ఉన్న నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరుంది. 1992లో అక్కడి ఆడవాళ్ళు సారా దుకాణం ఎత్తించారు. వాళ్ళలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. 'ఈనాడు' ఆ ఉద్యమాన్ని భుజాన వేసుకుని రోజూ పుటలు పుటలుగా రాసింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్ళకే సడలింది, అది వేరే కథ. పత్రిక రాయకపోతే దూబగుంట మాట జిల్లా దాటేది కాదు, నిజమే. దూబగుంటలో ఆడవాళ్ళు లేకపోతే పత్రికకు రాయడానికి ఏముండేది? అక్కడ బహుమతి పెడితే ఎవరికివ్వాలి?

ఇక రెండో తెలుగువాడు. పి. సాయినాథ్ పుట్టింది 1957లో, మద్రాసులోనే. రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరి ఆయనకు తాతగారు. గిరిగారిది బరంపురం, అంటే ఒరిస్సా తెలుగువాళ్ళు. హృదయస్థానానికి వెలుపల పుట్టిన మనలాంటివాళ్ళ లెక్కలోనే వేసుకోవచ్చు. మన రామనాథపురం, పుదుక్కోట జిల్లాలతో సహా దేశంలో అతి పేద జిల్లాలు తిరిగి, ఆయన రాసిన కథనాలు 1996లో పుస్తకంగా వచ్చాయి. తర్వాత అనంతపురం రైతుల ఆత్మహత్యల గురించి, విదర్భ గురించి ఏళ్ళ తరబడి రాశారు. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2000లో పత్రికారచయితలకు ఇచ్చిన ప్రపంచ మానవహక్కుల బహుమతి ఆయనదే. 2007లో మెగసెసె పురస్కారం వచ్చింది. ఇవన్నీ తీసుకున్నారు.

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయనకు వై.ఎస్.ఆర్. జీవన సాఫల్య పురస్కారం ప్రకటించింది. కృతజ్ఞతలు చెప్పి, వద్దన్నారు. పత్రికారచయిత ప్రభుత్వానికి బయటి ఆడిటరు వంటివాడు, తాను లెక్కలు చూసే సంస్థ దగ్గర బహుమతి పుచ్చుకోకూడదన్నది ఆయన చెప్పిన కారణం. లక్ష్మీనరసు శెట్టి పుచ్చుకున్నదాన్ని సాయినాథ్ కాదన్నారు. ఇద్దరూ చెన్నపట్నం తెలుగువాళ్ళే, ఇద్దరూ రైతు గోడు రాసినవాళ్ళే. ఇద్దరి మధ్య నూటయాభై ఏళ్ళు ఉన్నాయి. ఆ ఏళ్ళలో గౌరవించే చేతులు ఇంకొన్ని మొలిచాయి. సర్కారుది వద్దన్నా పోయేదేమీ లేని స్థితి వచ్చింది. శెట్టిగారికి ఆ వీలు లేదు. మా పొన్నేరి కుర్రవాడికి ఉందా అంటే, ఉందని గట్టిగా చెప్పలేను. వార్తకు ఇంత అని పుచ్చుకునే విలేఖరికి ఆ షీల్డు ఫోటో పత్రికాఫీసులో కొంచెం మర్యాద తెచ్చిపెడుతుంది. అధికారి చేతి నుంచి తీసుకోకపోతే రేపు వార్త కోసం పోయినప్పుడు గుమ్మం దగ్గరే నిలబెడతారు. మెగసెసె అందుకున్నవాడి నిరాకరణను కొలబద్దగా తెచ్చి ఇతని నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

ఇదంతా రెండు సాయంత్రాలు చెప్పాను. వాడు ఓపికగానే విన్నాడు. కిట్టి గురించి చెబుతుంటే తెలియకుండానే తన వేళ్ళు ఒకసారి పిడికిలి పట్టి చూసుకున్నాడు. శెట్టిగారి బిరుదు గురించీ, సాయినాథ్ నిరాకరణ గురించీ ఏమీ అడగలేదు. అడిగింది ఒకటే.

"ఆ 519 మందికీ తర్వాత ఏమయింది సార్? ఎవరైనా పోయి చూశారా?"

నేను ఊరుకున్నాను. కాసేపటికి వాడే అన్నాడు, ముందు ఆ ఊరికి మళ్ళీ పోవాలని. నీళ్ళ లారీ వారానికి రెండుసార్లని మొదలుపెట్టి ఇప్పుడు ఒక్కసారే వస్తున్నదట. అది ఇంకా రాయలేదట. షీల్డు తీసుకునే ముందే ఆ వార్త పడితే బాగుంటుందా, తర్వాత పడితే బాగుంటుందా అని తనలో తాను తర్కించుకుంటూ సైకిలెక్కాడు.

సభ వచ్చే ఆదివారం. ఆహ్వానపత్రం నా బల్ల మీదే వదిలి వెళ్ళాడు. ఆ అమ్మకు మీంజూరు వైపు ఇటుక బట్టీలో పని దొరికిందని పోతూ పోతూ చెప్పాడు. రొయ్యల చెరువు దగ్గర ఇచ్చినదానికన్నా కూలి తక్కువేనట.